‘ఇంకా కష్టపడాలి’ అని రాస్తే ఏం చదవాలి? తొమ్మిదో తరగతి సైన్స్ ప్రోగ్రెస్ కార్డు వ్యాఖ్యలపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో, ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు పాఠశాలలో సైన్స్ సమన్వయకర్తగా ఉన్న రోజుల్లో, తొమ్మిదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెప్పే ఒక ఉపాధ్యాయినితో కలిసి పనిచేసిన సందర్భాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. విద్యార్థిని, ఆమె కుటుంబం, పాఠశాల ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను, మరికొన్నిటిని వదిలేశాను. ఆ అమ్మాయి రాసిన జవాబుల సారాన్ని, కార్డు మీదికెక్కిన వ్యాఖ్యల సారాన్ని మాత్రం మార్చలేదు.

మా పాఠశాలలో నిరంతర సమగ్ర మూల్యాంకనం ప్రకారం ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు (పాఠాలు నడుస్తుండగా పెట్టేవి), రెండు సమ్మేటివ్ పరీక్షలు (టర్ము చివర పెట్టేవి) జరిగేవి. ఫార్మేటివ్ మార్కుల్లో ల్యాబ్ రికార్డు, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు భాగాలుంటాయి. అంటే పుస్తకం మూసి, పక్కవారి సాయం లేకుండా విద్యార్థి తానుగా రాసేది నాలుగింట్లో ఒక్కటే. మిగిలిన మూడింట్లో శుభ్రమైన దస్తూరి, అట్ట వేసిన రికార్డు, గడువులోగా అప్పగించిన ప్రాజెక్టు చాలా దూరం తీసుకుపోతాయి. ఈ కేసు మొత్తానికి మూలం ఇక్కడే ఉంది కనుక ముందే చెబుతున్నాను.

పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా అంచనా వేయాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ప్రోగ్రెస్ కార్డు పిల్లల ఎదుగుదలను అన్ని వైపుల నుంచీ చూపాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. ఆచరణలో మా కార్డు మీద సైన్స్ వరుస చివర ఉండే రిమార్కుల గడిలో రెండు పంక్తులు పడితే గొప్ప. ఆ ఉపాధ్యాయిని నాలుగు సెక్షన్లకు పాఠం చెప్పేది. పేరెంట్స్ మీటింగ్‌కు ముందు రోజు సాయంత్రం కార్డులన్నీ బల్ల మీదికి వచ్చేవి. అలాంటి పూట ఎవరి చేతికైనా ‘గుడ్’, ‘కీప్ ఇట్ అప్’, ‘షుడ్ వర్క్ హార్డ్’ తప్ప మరో మాట తట్టడం కష్టం.

సమస్య బయటపడిన తీరు

ఈ విద్యార్థినికి మొదటి రెండు ఫార్మేటివ్‌లలో ఏ1 గ్రేడు వచ్చింది, రెండుసార్లూ వ్యాఖ్య ‘కీప్ ఇట్ అప్’. దసరా సెలవుల తర్వాత వచ్చిన మొదటి సమ్మేటివ్ ఫలితంలో గ్రేడు ఒక్కసారిగా బీ2కి పడింది, వ్యాఖ్య ‘షుడ్ వర్క్ హార్డ్’ అయింది. మీటింగ్ రోజున తండ్రి కార్డు తెరిచి, ఎంతో మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగాడు: “మేడం, అమ్మాయి రాత్రి పదకొండింటి దాకా చదువుతనే ఉన్నది. ఇంకా కష్టపడాలంటే ఏం చదవాల్నో మీరే చెప్పండి.”

ఉపాధ్యాయిని దగ్గర జవాబు లేదు. పాఠాలు తిరిగి చదివించమని, రోజుకో గంట సైన్స్‌కు కేటాయించమని చెప్పి పంపింది. ఆ సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో నా దగ్గరకు వచ్చి, “సార్, ఆయన అడిగింది నిజమే. ఆ అమ్మాయికి ఏం రాదో నాకు తెలియదు, మార్కులు తగ్గాయని మాత్రమే తెలుసు” అంది. ఆమె సమస్యను అంత సూటిగా చెప్పగలగడం వల్లనే ఈ పని మొదలుపెట్టగలిగాం.

‘ఇంకా కష్టపడాలి’ అన్న వ్యాఖ్యను చాలామంది ఉత్త మాటగా, హాని లేనిదిగా చూస్తారు. ఈ కేసులో అది హాని చేసింది. ఏం చేయాలో చెప్పకుండా ఎక్కువ చేయమంటే, పిల్లలు తమకు అప్పటికే అలవాటైన పనినే ఎక్కువగా చేస్తారు. ఈ అమ్మాయికి అలవాటైన పని కంఠస్థం. ఆ వ్యాఖ్య అందుకున్న తర్వాతి వారాల్లో ఆమె గమన నియమాల పాఠంలోని నిర్వచనాలను మరో నోటుబుక్కులో మొదటి నుంచి చివరిదాకా తిరిగి రాసింది. మార్కులు పడిపోవడానికి కారణమైన పద్ధతినే మేము మరింత చేయమని ప్రోత్సహించినట్టయింది.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదటి ఆలోచన ఉపాధ్యాయినిదే, నేనూ ఒప్పుకున్నాను. మాటలు చాలడం లేదు కనుక మాటలు సమకూర్చుకుందాం అనుకున్నాం. గ్రేడు వారీగా, ఒక్కో గ్రేడుకు కొన్ని చొప్పున, సైన్స్ పదాలతో వాక్యాలు తయారుచేసి కంప్యూటర్‌లో పెట్టాం. ‘భావనలపై మంచి పట్టు ఉంది, ప్రయోగాల్లో మరింత చురుగ్గా పాల్గొనాలి’ వంటివి. రాయడం వేగవంతమైంది, కార్డు చూడటానికి బాగుంది. కానీ ఒకే వీధిలో ఉండే ఇద్దరు పిల్లల తల్లులు కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు, ఇద్దరికీ అక్షరం తేడా లేకుండా ఒకటే వాక్యం కనబడింది. వారు నవ్వుకుని ఊరుకున్నారు గానీ, ఆ తర్వాత ఆ గడిని చదవడం మానేశారని మాకు అర్థమైంది.

ఈ వైఫల్యానికి కారణం వాక్యాల సంఖ్య తక్కువ కావడం కాదు. గ్రేడును బట్టి ఎంచుకున్న వాక్యం గ్రేడు చెప్పినదాన్నే తిరిగి చెబుతుంది. బీ2 అన్న అక్షరానికి లేని సమాచారం బీ2 వాక్యానికి ఎక్కడి నుంచి వస్తుంది? వాక్యాలు మరో వంద చేర్చినా ఫలితం అదే.

రెండో ప్రయత్నం ఒక శిక్షణలో విన్న పద్ధతి. ముందు ఒక మెచ్చుకోలు, నడుమ ఒక లోపం, చివర మళ్లీ ఒక మెచ్చుకోలు. ఇది పిల్లల మనసు నొచ్చుకోకుండా కాపాడుతుందని ఆశ. ఈ అమ్మాయి కార్డు మీద అలా రాసి, ఆమెనే చదివి ఏం అర్థమైందో చెప్పమంటే, “మంచిగనే చదువుతున్నానని రాసిన్రు మేడం” అంది. తండ్రి చూపు మాత్రం ‘కానీ’ దగ్గర ఆగింది, దాని ముందూ వెనకా ఉన్నవి ఆయనకు మర్యాద మాటలయ్యాయి. ఒకే వాక్యం ఇద్దరికీ రెండు వైపులా చేరింది, అసలు విషయం ఇద్దరికీ చేరలేదు.

ఈ దశలో నేను ఉపాధ్యాయినికి 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పాఠశాలల్లో చేసిన అధ్యయనం గురించి చెప్పాను. మార్కులు లేకుండా వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల పనితీరు, ఆసక్తి మెరుగుపడ్డాయనీ, మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్న పిల్లల్లో ఆ మేలు కనిపించలేదనీ అందులో తేలింది. కార్డు నుంచి మార్కులు తీసేసే అధికారం మాకు లేదు, యాజమాన్యమూ ఒప్పుకోదు, తల్లిదండ్రులూ ఒప్పుకోరు. కనుక వ్యాఖ్యలో కొంత భాగాన్ని కార్డుకంటే ముందే, మార్కులు లేని చిన్న చీటీ మీద విద్యార్థికి ఇవ్వాలని అప్పుడే అనుకున్నాం. అయితే ఆ చీటీ మీద ఏం రాయాలన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

జవాబు పత్రం తిరిగి తెరిచినప్పుడు

మాటల వెతుకులాట మాని, మొదటి సమ్మేటివ్ జవాబు పత్రాన్ని బయటికి తీశాం. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులన్నది వదిలేసి, ఏ ప్రశ్న ఏ విద్యాప్రమాణానికి చెందుతుందో పక్కన రాసుకుంటూ వచ్చాం. మన సైన్స్ పాఠ్యపుస్తకాల్లో విద్యాప్రమాణాలు ఏడు: విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు గీయడం, అభినందించడం, నిజజీవిత వినియోగం. ఉపాధ్యాయులందరికీ ఇవి నోటికి వచ్చు, ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు వాటికి భారాలూ కేటాయిస్తారు. దిద్దిన తర్వాత మాత్రం ఎవరూ వాటి ముఖం చూడరు. మార్కులన్నీ కూడి ఒక అంకె అయిపోతాయి, ఆ అంకె గ్రేడవుతుంది.

పత్రంలో ఒక పేజీ దగ్గర ఇద్దరమూ ఆగిపోయాం. పై సగంలో న్యూటన్ మొదటి గమన నియమం ఒక్క పదం జారకుండా ఉంది. దాని కింద 5 కిలోల వస్తువుకు సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణం కలగాలంటే ఎంత బలం కావాలన్న లెక్క సరిగ్గా చేసి, 10 న్యూటన్లు అని గీత గీసి రాసింది. ఆ కిందనే, తిన్నని రోడ్డు మీద స్థిర వేగంతో పోతున్న బస్సుపై పనిచేసే ఫలిత బలం ఎంత అన్న ప్రశ్నకు, ‘ఫలిత బలం ముందుకు ఉంటుంది, లేకపోతే బస్సు ఆగిపోతుంది’ అని రాసింది. ఏ ఫలిత బలమూ లేకపోతే వస్తువు సమచలనంలోనే కొనసాగుతుందని పై సగంలో తానే రాసిన అమ్మాయి, అరపేజీ కిందికి వచ్చేసరికి దాన్ని కాదంది. తాను కాదన్నట్టు ఆమెకు తెలియదు.

ఇది ఈ ఒక్క అమ్మాయి పొరపాటు కాదు. కదిలే వస్తువును ఏదో ఒక బలం ముందుకు నెడుతూనే ఉండాలన్నది రోజువారీ అనుభవం నుంచి పిల్లలకు గట్టిగా పట్టుబడే ఊహ. బండిని తోయడం ఆపితే బండి ఆగుతుంది కదా అని వారి వాదన, అక్కడ ఘర్షణ పనిచేస్తోందన్నది వారి లెక్కలోకి రాదు. మా చేతిలో ఉన్న పత్రం చెప్పింది ఇంతే: సూత్రం వచ్చు, లెక్క వచ్చు, సూత్రాన్ని కళ్లముందున్న వస్తువుకు అన్వయించడం రాదు. పదకొండింటిదాకా చదవడం వల్ల ఇది మారదు. తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు అక్టోబరు నుంచీ మా బీరువాలోనే ఉంది.

ల్యాబ్ రికార్డు చూస్తే మరో సంగతి తెలిసింది. మూడు వేర్వేరు రాళ్ల సాంద్రతలు కనుక్కునే ప్రయోగంలో మూడింటికీ దశాంశ స్థానంతో సహా ఒకే విలువ ఉంది, పక్క బెంచీ అమ్మాయి రికార్డులోనూ అవే అంకెలు. దీన్ని మోసంగా చూడాలా అన్న చర్చ మా మధ్య కాసేపు నడిచింది. రికార్డుకు మార్కులు వేసేది శుభ్రతను, సరైన జవాబును చూసి అయినప్పుడు, పిల్లలు సరైన జవాబును శుభ్రంగా రాయడం సహజమని నా వాదన. కనుక మందలించకుండా, ఆమెతో ఆ ప్రయోగం మళ్లీ చేయించి పక్కన నిలబడి చూడమన్నాను.

ఉపాధ్యాయిని చూసి రాసుకున్నది ఇది. అమ్మాయి కొలజాడీని బల్ల మీద పెట్టి, నిలబడి పైనుంచి చూసి రీడింగ్ తీసుకుంది. నీటి ఉపరితలం గాజు అంచుల వద్ద పైకి వంగి ఉంటే ఆ పై అంచునే లెక్కలోకి తీసుకుంది, పుటాకార తలం అడుగును చూడలేదు. రెండు తప్పులూ రీడింగ్‌ను పెంచేవే. అయినా రాయి ఘనపరిమాణం దాదాపు సరిగ్గానే వచ్చింది. ఎందుకంటే రాయి వేయకముందు, వేసిన తర్వాత రెండు రీడింగులూ ఒకే తప్పు పద్ధతిలో తీసింది, తేడా తీసినప్పుడు ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోయింది. జవాబును చూసి దిద్దే ఉపాధ్యాయుడికి ఈ లోపం ఏనాటికీ కనిపించదు. అదే అమ్మాయి రేపు కొలజాడీతో 20 మిల్లీలీటర్ల ఆమ్లం కొలిచి తీయవలసి వస్తే తప్పు బయటపడుతుంది.

వ్యాఖ్య రాయలేకపోవడం భాషకు సంబంధించిన ఇబ్బంది కాదని మాకు ఈ దశలో రూఢి అయింది. చూసినది ఉంటే రెండు పంక్తులు రాయడం కష్టం కాదు, చూసినది లేకపోతే ఎన్ని వాక్యాలు నేర్చినా గడి ఖాళీగానే మిగులుతుంది.

చూడటానికి సమయం ఎక్కడిది?

నాలుగు సెక్షన్ల పిల్లలనూ ఇలా జవాబు పత్రాలు విప్పి చూడటం ఏ ఉపాధ్యాయినికీ సాధ్యం కాదు. ప్రతి విద్యార్థికీ ఒక పేజీ కేటాయించి రాయమన్న నా సూచన కాగితం మీద బాగుంది గానీ తరగతిలో నిలవలేదు. పేజీ వెతుక్కునేలోపు పిల్లవాడు చేసే పని పూర్తయిపోయేది. ఉపాధ్యాయినే దానికి విరుగుడు కనిపెట్టింది. హాజరు పట్టీ క్రమంలో పీరియడుకు నలుగురైదుగురిని మాత్రమే ఎంచుకుని, ఆ పూట వారి వైపు కన్ను వేసి ఉంచి, గంట కొట్టాక ఒక పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్క పంక్తి రాసేది. తేదీ, రోల్ నంబరు, అంశం, ఏం చేసింది లేక ఏం అంది. ‘బాగా చేసింది’ అన్న మాట రాయకూడదని ఆమె తనకు తానే నియమం పెట్టుకుంది. ‘పైనుంచి చూసి రీడింగ్’, ‘ఘర్షణ లేకపోతే ఏమవుతుందని అడిగాడు’, ‘గ్రాఫుకు అక్షాల పేర్లు లేవు’ వంటివే అందులో ఉండేవి. వారాలు గడిచేకొద్దీ ప్రతి పేరుకూ కొన్ని పంక్తులు పోగయ్యాయి. కార్డు వచ్చిన సాయంత్రం ఆమె కల్పించవలసింది ఏమీ మిగల్లేదు, ఎంచుకుంటే చాలు.

ప్రవర్తనను ఈ పుస్తకంలోకి రానివ్వలేదు. మాట్లాడుతుంది, ఆలస్యంగా వస్తాడు వంటివి తరగతి ఉపాధ్యాయుల గడిలోనివి. సైన్స్ గడిని అవి ఆక్రమిస్తే సైన్స్ గురించి చెప్పే చోటు పోతుంది. పైగా అల్లరి చేసే పిల్లవాడికి సైన్స్ రాదని, బుద్ధిగా కూర్చునే అమ్మాయికి వచ్చని మనకు తెలియకుండానే రాసేస్తాం. ఈ అమ్మాయికి మొదటి రెండుసార్లూ ‘కీప్ ఇట్ అప్’ రావడంలో ఆమె బుద్ధిమంతురాలు కావడానికి వాటా ఉందని ఉపాధ్యాయిని అభిప్రాయం, నాదీ అదే.

పాల మీద రాసిన వ్యాఖ్య

మూడో ఫార్మేటివ్ సమయానికి పాఠం తేలే వస్తువులకు వచ్చింది. ఖాళీ బాల్‌పెన్ రీఫిల్‌ను లోహపు మొన కిందికి ఉండేలా నీళ్లలో, పాలలో నిలిపి, ఎంత లోతు మునుగుతుందో గుర్తుపెట్టి, పాల సాంద్రతను చూపే లాక్టోమీటర్ తయారుచేసే కృత్యం అందులో ఉంది. దానికి ముందు ఉపాధ్యాయిని ఆముదం, తేనె, నీళ్లు బల్ల మీద పెట్టి, నీళ్లలో పోస్తే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని అడిగింది. అమ్మాయి రెండూ మునుగుతాయని చెప్పింది, రెండూ చిక్కగా ఉన్నాయి కనుక అని కారణం కూడా చెప్పింది. తేనె మునిగింది, ఆముదం తేలింది. అమ్మాయి ఆముదం కల్తీ అయి ఉంటుందంది. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడమని లఘు పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నది అంతకు రెండు రోజుల ముందే.

ఈసారి వ్యాఖ్య తెలుగులో రాయాలని నిర్ణయించాం. బోధన ఇంగ్లిష్‌లోనే అయినా ఆ కార్డును ఇంట్లో చదివేది తెలుగులో. యాజమాన్యం మొదట సందేహించింది, ఇంగ్లిష్ మీడియం పేరు పెట్టుకుని కార్డు తెలుగులో ఇస్తే ఏమనుకుంటారని. చివరికి సైన్స్ గడి వరకు ఒప్పుకుంది. ఉపాధ్యాయిని ఇలా రాసింది: ‘సాంద్రత నిర్వచనం, లెక్కలు బాగా వచ్చు. చిక్కగా ఉన్న ద్రవానికి సాంద్రత ఎక్కువని అనుకుంటోంది. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ ఎందుకు ఎక్కువ మునుగుతుందో ఇంట్లో అడగండి.’

సైన్స్ పరంగా ఇందులో వంక పెట్టడానికి లేదు. వచ్చినది ఏమిటో, రానిది ఏమిటో, చేయవలసినది ఏమిటో మూడూ ఉన్నాయి. కానీ ఆ తండ్రికి రెండు గేదెలున్నాయి, రోజూ ఊళ్లోని పాల కేంద్రంలో పాలు పోస్తాడు. మర్నాడు ఉదయమే ఫోన్ వచ్చింది: “మేడం, మా పాల గురించి ఎవరన్నా ఏమన్నా చెప్పిన్రా?” పాలు పోసే మనిషికి, నీళ్లు కలపడం, లాక్టోమీటర్ అన్న మాటలు కూతురి కార్డు మీద కనబడితే కలిగే అనుమానం అది. పాఠ్యపుస్తకంలో ఉన్న ప్రయోగమని, తరగతిలో పిల్లలందరూ చేశారని ఉపాధ్యాయిని ఓపికగా వివరించింది. ఆయన నెమ్మదించాడు.

దీని తర్వాత ఇంటికి పంపే పనులన్నిటినీ ఆ ఇంటి వృత్తిని, పరిస్థితిని మనసులో పెట్టుకుని ఒకసారి తిరిగి చదవడం అలవాటు చేసుకున్నాం. వంటగదిలో థర్మామీటర్ వాడి చూడమని రాసే ముందు ఆ ఇంట్లో థర్మామీటర్ ఉంటుందా, కరెంటు బిల్లు తెచ్చి యూనిట్లు లెక్కించమని రాసే ముందు ఆ బిల్లు ఎవరి పేరున వస్తుంది అని ఆలోచించాం. తరగతి గదిలో నిరపాయంగా ఉన్న ఉదాహరణ గుమ్మం దాటాక వేరే అర్థం తెచ్చుకోవచ్చు.

అయితే ఈ ఫోన్ కాల్‌కు మేము ఊహించని కొనసాగింపు ఉంది. అనుమానం తీరాక తండ్రి కూతురిని కూర్చోబెట్టి తనకు తెలిసినది చెప్పాడట. కేంద్రంలో లాక్టోమీటర్ ఒక్కటే చూడరు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) కూడా చూసి ధర కడతారు. ఎందుకంటే మీగడ తీసిన పాలలో లాక్టోమీటర్ ఇంకా పైకి తేలుతుంది, రీడింగ్ పెరుగుతుంది. ఆ సోమవారం అమ్మాయి తరగతిలో లేచి అడిగింది: “మేడం, మీగడ తీస్తే పాలు పలచబడతయి కదా, మరి లాక్టోమీటర్ ఎక్కువ మునగాలె. పైకి ఎందుకు తేలుతది?”

ఉపాధ్యాయిని ఆ పంక్తిని అప్పటికప్పుడే పుస్తకంలో రాసుకుంది. వెన్న సాంద్రత నీటికంటే తక్కువ, దాన్ని తీసేస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది, పాలు పలచబడినా సరే. చిక్కదనం వేరు, సాంద్రత వేరు అని ఆముదం సీసా చూపించి నచ్చజెప్పలేని విషయం, ఆ ప్రశ్నతో అమ్మాయి తనకు తానే ఎదురుగా తెచ్చుకుంది. మరుసటి పీరియడులో ఆముదం గురించి మళ్లీ అడిగితే కల్తీ అనలేదు. 10 మిల్లీలీటర్ల ఆముదం, 10 మిల్లీలీటర్ల నీళ్లు తూచి చూద్దామంది.

చీటీ, కార్డు

నాలుగో ఫార్మేటివ్‌కు ముందు మార్కులు లేని చీటీ పద్ధతిని మొదలుపెట్టాం. కార్డు ఇవ్వడానికి వారం ముందు, తరగతిలో కొందరికి మాత్రమే, ఒక్క పని రాసి ఇచ్చేవాళ్లం. అందరికీ ఒకే లోతున రాయాలన్న పట్టుదల వదిలేశాం. ఎవరి విషయంలో అంకెకూ అసలు స్థితికీ పొంతన లేదో వారికే ఎక్కువ మాటలు. ఈ అమ్మాయి చీటీలో ‘కంటిని నీటి మట్టానికి తెచ్చి, వంపు అడుగున రీడింగ్ తీయి. మూడుసార్లు తీసి, మూడూ ఉన్నవి ఉన్నట్టు రికార్డులో రాయి. మూడూ ఒకటి కాకపోయినా పరవాలేదు’ అని ఉంది. చివరి వాక్యం కోసమే ఆ చీటీ. పొంతన లేని రీడింగులకు మార్కులు తగ్గవని ఉపాధ్యాయుడి చేతిరాతలో కనబడేదాకా ఏ విద్యార్థీ నమ్మడు. దానికి తగ్గట్టు రికార్డు మార్కుల్లోనూ మార్పు చేశాం, తుది జవాబుకు తగ్గించి, తీసిన రీడింగులకు పెంచాం. అది చేయకుండా చీటీ ఇచ్చి ఉంటే మాట ఒకటి, మార్కు ఒకటి అయ్యేది.

కార్డు మీది వ్యాఖ్య ఆ తర్వాత తేలికైంది: ‘రీడింగులు జాగ్రత్తగా తీస్తోంది, తేడా వస్తే దాచకుండా రాస్తోంది. మీగడ తీసిన పాల సాంద్రతపై మంచి ప్రశ్న అడిగింది. కదిలే వస్తువులపై బలాలను గీసి చూపడం ఇంకా అభ్యాసం చేయాలి.’

ప్రధానోపాధ్యాయుడి అభ్యంతరం ఈ మూడో వాక్యం మీద. ‘ఇంకా’, ‘రాలేదు’ వంటి మాటలు చదివి తల్లిదండ్రులు బడి మారుస్తారేమోనని ఆయన భయం. ప్రైవేటు బడిలో అది ఉత్త భయం కూడా కాదు. కార్డుకు ఒక్కటే రాని అంశం రాస్తామని, దాని పక్కనే చేయవలసిన పని తప్పక ఉంటుందని హామీ ఇచ్చాక ఆయన సరేనన్నాడు. ఇలా కట్టుబడటం మాకే మేలు చేసింది. ఒక్కటే రాయాలంటే ఏది ముఖ్యమో తేల్చుకోక తప్పదు.

ఫలితం, మిగిలిపోయినవి

రెండో సమ్మేటివ్‌లో అమ్మాయి గ్రేడు బీ2 నుంచి ఒక మెట్టు పైకి, బీ1కు వచ్చింది. దీనికి వ్యాఖ్యలే కారణమని నేను చెప్పను. ఉపాధ్యాయిని బోధన మారింది, ఇంట్లో మాట మారింది, రికార్డు మార్కుల పద్ధతి మారింది, వీటిని విడదీసి చూపడం కుదరదు. అన్వయ ప్రశ్నలను ఆమె ఇప్పుడు ఖాళీగా వదలడం లేదు, తప్పైనా కారణం రాస్తోంది. నిర్వచనాలు మాత్రం మునుపటిలా పదం జారకుండా రావడం లేదు, అందులో ఒకటి రెండు మార్కులు పోయాయి. అది తండ్రికి నచ్చలేదు, ఆయనను తప్పుపట్టలేం.

బలం విషయంలో మేము గెలవలేదు. నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి అన్నింటికన్నా ఎత్తుకు చేరిన క్షణంలో దానిపై పనిచేసే బలం ఏదన్న ప్రశ్నకు, ఏ బలమూ లేదని, అందుకే రాయి ఆగిందని రాసింది. గాలి నిరోధాన్ని వదిలేస్తే రాయిపై ఆ క్షణంలోనూ దాని భారం కిందికి పనిచేస్తూనే ఉంటుంది. చలనం ఉంటే బలం ఉండాలన్న పాత ఊహ, చలనం లేకపోతే బలం లేదన్న రూపంలో మళ్లీ బయటికొచ్చింది. సాంద్రత దగ్గర ఆమెకు ఇంటి నుంచి ఒక ఎదురు ఉదాహరణ దొరికింది, బలం దగ్గర మేము అలాంటిది చూపలేకపోయాం. పదో తరగతి ఉపాధ్యాయుడికి అప్పగించిన పుస్తకంలో ఆమె పేరు ఎదుట ఈ పంక్తిని, బస్సు ప్రశ్న జవాబును పక్కపక్కన రాసి ఇచ్చాం.

ఈ పద్ధతికి లొంగనిది మరో గుంపు ఉంది. అన్నింట్లో ఏ1 తెచ్చుకునే పిల్లల గడులు ఇప్పటికీ సన్నగానే ఉన్నాయి. వారు తప్పు చేసేటంత కష్టమైన ప్రశ్న మేము అడగడం లేదు కనుక వారి గురించి చూసి రాయడానికి మాకు ఏమీ దొరకడం లేదు. వచ్చే ఏడాది మొదటి ఫార్మేటివ్ నుంచి ప్రతి లఘు పరీక్షలో పాఠంలో లేని సందర్భంపై ఒక ప్రశ్న ఉండాలని, దాన్ని మార్కుల కోసం కాక ఆ ఒక్క పంక్తి పుస్తకం కోసం దిద్దాలని ఉపాధ్యాయిని ప్రతిపాదించింది. జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఉల్లిపొర స్లైడు గీసేటప్పుడు సూక్ష్మదర్శినిలో కనబడినది గీస్తున్నారా, పుస్తకంలోని బొమ్మ గీస్తున్నారా అన్నది చూస్తూ తన పుస్తకాన్ని అప్పటికే మొదలుపెట్టాడు.